మాత్రల కవర్లో పేక ముక్కలు: పర్లాకిమిడి మేడ మీద 526 ఆటల లెక్క

పోకర్‌లో ఎదుటివాడి దగ్గర ఏముందో నేను నిజంగా పసిగడుతున్నానా, లేక పసిగట్టానని అనుకుంటున్నానా? దీనికి కాగితం మీద జవాబు రాబట్టడమే పని. నవంబరు 2న మొదలైంది. ఇంకెవరైనా ఇదే పని పెట్టుకుంటే మేం పోగొట్టుకున్న వారాలు వాళ్లకు పోకూడదని తేదీలతో సహా రాస్తున్నాను.

ఊరు పర్లాకిమిడి, ఒడిశాలోని గజపతి జిల్లా. చోటు మా మేడ మీది రేకుల పంచ. ఆదివారం సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది. ఐదుగురం. మావయ్య గుణుపురం రైలు లైనులో పనిచేసి రిటైరయ్యారు. బావకి దర్జీ షాపు. తమ్ముడు చిన్నాన్న కొడుకు, ఇంజనీరింగ్ మూడో ఏడు. పక్కింటి మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెబుతారు, ఇంట్లో ఒడియా, మాతో తెలుగు. నాది మందుల షాపు.

ఆట టెక్సాస్ హోల్డెమ్. చేతిలో రెండు ముక్కలు, చాప మీద అందరికీ కలిపి ఐదు. మొదట మూడు పరుస్తారు, అది ఫ్లాప్. నాలుగోది టర్న్, ఐదోది రివర్. ఒక్కో దశలో పందెం. చివరిదాకా మిగిలినవాళ్లు ముక్కలు చూపిస్తారు, ఏడింట్లో మెరుగైన ఐదు ఎవరివైతే వాళ్లది గెలుపు. ఒకసారి ముక్కలు పంచితే ఒక ఆటగా లెక్క వేశాను.

ఇది గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరు. నోట మాట్లాడేదే రాయాలని ఆయన పోరాడారు. అందుకే ఫోల్డ్, కాల్, రెయిజ్, బ్లఫ్ అన్నవాటికి తెలుగు మాటలు వెతకలేదు, మేడ మీద మేం అనేవే రాశాను. ఫోల్డ్ అంటే ముక్కలు పడేసి తప్పుకోవడం, కాల్ అంటే ఎదుటివాడు వేసినంతే వేయడం, రెయిజ్ అంటే పందెం పెంచడం, బ్లఫ్ అంటే బలం లేకుండానే ఉన్నట్టు పందెం వేయడం. రంగుల పేర్లు మాత్రం మా ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే: ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు.

డబ్బు పెట్టలేదు, పెట్టం. ఒడిశాలో 1955 నాటి జూద నిరోధక చట్టం ఉంది. ఫోన్లో డబ్బు పెట్టి ఆడే ఆటలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. చట్టం అలా ఉంచండి, మూడు ముక్కలాటలో ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్లను మా వీధిలోనే చూశాను. ఈ డైరీ చూసి ఎవరైనా డబ్బుతో కూర్చుంటే నాకు నిజంగా బాధ.

దశ 1: చింతపిక్కలు
నవంబరు 2, 9

డబ్బుకి బదులు చింతపిక్కలు. ఒక్కొక్కరికి రెండు గ్లాసులు. ఇదే మొదటి పెద్ద తప్పు.

పిక్కలు ఎవరూ లెక్కపెట్టి వేయరు, పిడికిలితో వేస్తారు. బావ మూడుసార్లు "ఒక పిడికెడు" అని వేసినవి పక్కకు తీసి లెక్కపెట్టాను. 41, 58, 49. మూడింటికీ పుస్తకంలో నేను రాసుకున్నది ఒకే మాట. ఎదుటివాడి పందెం ఎంతో తెలియనప్పుడు, చాప మధ్యలో పోగైన పాట్‌లో అది ఎన్నో వంతో తెలియదు. ఆ వంతు తెలియకపోతే కాల్ చేయాలా వద్దా అన్న లెక్కే మొదలవదు. రెండు ఆదివారాల పందేల లెక్క మొత్తం ఎర్ర సిరాతో కొట్టేశాను.

రెండో తప్పు ఎవరూ ఫోల్డ్ చేయకపోవడం. నవంబరు 9న 38 ఆటల్లో 31 చివరిదాకా వెళ్లి ముక్కలు చూపించుకున్నాం. "పోతే ఏం పోతుంది, చింతపిక్కే కదా" అన్నాడు బావ. అతని మాట నిజమే. పోయేదేం లేనిచోట బ్లఫ్‌కి అర్థం లేదు, బ్లఫ్ లేనిచోట పసిగట్టడానికి ఏమీ లేదు.

ఇప్పటికి: 79 ఆటలు. ఖర్చు: కాగితం పేక 40, రెండు వందల పేజీల పుస్తకం 60, మొత్తం 100 రూపాయలు. పనికొచ్చే సమాచారం: సున్నా.

దశ 2: గుండీలు
నవంబరు 16, 23

బావ షాపు నుంచి గుండీలు తెచ్చాం. ముందు చొక్కా గుండీలు వాడాం. అవి 11 మిల్లీమీటర్లు, దొంతర పెడితే జారిపోతున్నాయి, చాప గళ్లలో దూరిపోతున్నాయి. అదే సాయంత్రం బావ మళ్లీ షాపుకి వెళ్లి 20 మిల్లీమీటర్ల కోటు గుండీలు తెచ్చాడు. అవి ఐదేసి చొప్పున దొంతరగా నిలబడ్డాయి. ఎంత వేశారో దూరం నుంచే కనబడింది.

చేయదలచినవాళ్లకు కొలతలు:

1. తెలుపు 1, నలుపు 5, ఎరుపు 25.
2. ఒక్కొక్కరికి తెలుపు 20, నలుపు 16, ఎరుపు 4. విలువ 200.
3. ఐదుగురికి మొత్తం 200 గుండీలు. ప్రతి ఆటలో వంతుల వారీగా ఇద్దరు, ముక్కలు చూడకముందే 1, 2 తప్పనిసరిగా వేస్తారు.
4. వేసే ముందు నోటితో సంఖ్య చెప్పాలి. చెప్పాక మార్చకూడదు.

గుండీలొచ్చినా ఫోల్డ్ రాలేదు. 16న 44 ఆటల్లో 33 చివరిదాకా వెళ్లాయి. 23 నుంచి పద్ధతి మార్చాం. వారం వారం 200తో కొత్తగా మొదలెట్టడం ఆపేశాం. ఎవరి ఖాతా వారిదే, పోయిన వారం ఎక్కడ ఆపితే ఈ వారం అక్కడి నుంచే. ఖాతా ఖాళీ అయితే ఆ సాయంత్రం ఇక ఆట లేదు, పక్కన కూర్చుని లెక్క రాయాలి. పై వారం 50 గుండీల అప్పుతో మళ్లీ దిగవచ్చు. ఆట లేకుండా కూర్చోవడం మా అందరికీ డబ్బు కన్నా గట్టిగా పనిచేసింది. 23న 52 ఆటల్లో చివరిదాకా వెళ్లినవి 23 మాత్రమే.

ఇంకొకటి పేక. 16న ఒక ఆటలో నేను ఇస్పేటు ఆసుతో రెయిజ్ చేస్తే బావ వెంటనే ముక్కలు పడేశాడు. ఎలా తెలిసిందని అడిగితే "మూల మడత పడింది కదరా, వెనకనుంచే కనబడుతోంది" అన్నాడు. ట్యూబులైటు కింద 52 ముక్కలూ తిప్పి చూశాను. వెనకవైపు గుర్తుపట్టగలిగినవి ఏడు ఉన్నాయి. రెండు వారాల కాగితం పేకలో ఏడు! ప్లాస్టిక్ పేకలు రెండు కొన్నాం. పంచడానికి ఒకటి, ఈలోగా ఇంకొకరు కలపడానికి ఒకటి.

కలపడం గురించి కూడా చెప్పాలి. రెండు సగాలు చేసి బొటనవేళ్లతో ఒకదానిలో ఒకటి వదిలే పద్ధతిలో ఏడుసార్లు కలిపితే పేక బాగా కలిసినట్టని 1992లో బేయర్, డయాకొనిస్ అనే గణితజ్ఞులు చూపించారు. మనం ఇళ్లలో చేసేలా గుప్పెడు గుప్పెడు తీసి పైన వేస్తూ పోతే అంతకు ఎన్నో రెట్లు ఎక్కువసార్లు కలపాలి. మావయ్యకి వేళ్లు సహకరించవు, ఆయన వంతు తమ్ముడు కలుపుతాడు.

ఇప్పటికి: 175 ఆటలు. ఖర్చు: గుండీలు 210, ప్లాస్టిక్ పేకలు 320, మొత్తం 630. నా ఖాతా 171.

దశ 3: ముఖం, చెయ్యి, పందెం
నవంబరు 23 నుంచి డిసెంబరు 14

ఇప్పుడు అసలు పని. చివరి పందెం వేసినవాడి దగ్గర బలం ఉందా లేదా అన్నది, ముక్కలు తిప్పకముందే ఒక కాలమ్‌లో రాయాలి. నేను ఆటలో ఉన్నా లేకపోయినా రాయాలి. బలం అంటే ఏమిటో ముందే తేల్చుకోకపోతే తర్వాత మనకు నచ్చినట్టు దిద్దుకుంటాం. మా నిర్వచనం: చాప మీది ముక్కల్లో అన్నిటికన్నా పెద్దదానితో జత, లేదా అంతకన్నా పైది.

మొదటి రెండు వారాలు ముఖం చూసి రాశాను. పెదవి తడుపుకోవడం, కళ్లు తిప్పుకోవడం, మాట ఆగిపోవడం, అన్నీ పట్టీ రాసుకున్నాను. 31 అంచనాల్లో 14 సరిపోయాయి. మావయ్య చెయ్యి వణికితే భయమనుకుని నాలుగుసార్లు కాల్ చేశాను. నాలుగుసార్లూ ఆయన దగ్గర మంచి ముక్కలే. మంచి ముక్కలు పడితేనే ఆయన చెయ్యి వణుకుతుంది. ఈ సంగతి అత్తయ్యకి ముప్పై ఏళ్లుగా తెలుసట. నేను ఆమెను అడగలేదు.

తర్వాతి రెండు వారాలు చేతుల మీదకు మారాను. 2013లో సైకలాజికల్ సైన్స్ అనే పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. పోకర్ ఆటగాళ్ల వీడియోల్లో ముఖం మాత్రమే చూసినవాళ్ల కన్నా చేతుల కదలిక మాత్రమే చూసినవాళ్లు ముక్కల బలాన్ని మెరుగ్గా చెప్పగలిగారు. గుండీలు తడుముకోకుండా నెడితే బలం, ఆగి ఆగి నెడితే కాదు అని పెట్టుకున్నాను. పక్కనే ఇంకో కాలమ్, పందెం మాత్రమే చూసి వేసే అంచనా: ఎంత వేశాడు, ఏ ముక్క పడ్డాక వేశాడు, అంతకుముందు దశలో ఏం చేశాడు.

ఈ మూడో కాలమ్ మీద నాకు ముందునుంచే నమ్మకం ఉంది. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం నలుగురు పేరున్న ఆటగాళ్లతో ఒక్కొక్కరితో విడివిడిగా ఆడి, 20 రోజుల్లో 1,20,000 ఆటల మీద గెలిచింది. దానికి ఎవరి ముఖమూ కనబడదు. ముక్కలు, పందేల వరుస తప్ప దాని ముందు ఇంకేమీ లేదు.

డిసెంబరు 14 రాత్రి లెక్క తేలింది. 34 అంచనాల్లో చేతులు చూసి 19 సరి, పందెం చూసి 24 సరి. 24 అంటే 71 శాతం. నాకు చాలా సంతోషమేసింది. పుస్తకం మాస్టారికి చూపించాను.

మాస్టారు ఐదు నిమిషాలు చూసి ఒకే ఒక ప్రశ్న అడిగారు. "ఈ 34లో నిజంగా బలం ఉన్నవెన్ని?"

లెక్కపెట్టాను. 23.

"అయితే ఏమీ చూడకుండా కళ్లు మూసుకుని ప్రతిసారీ బలం అని రాసినవాడికి కూడా 23 వస్తాయి. మీకు 24 వచ్చాయి."

ముఖం లెక్క ఇంకా ఘోరం. ఆ 31లో బలం ఉన్నవి 21. కళ్లు మూసుకున్నవాడికి 21, కళ్లు విప్పి చూసిన నాకు 14.

ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆరు వారాల పని. కానీ మాస్టారు అడిగిన ప్రశ్నే ఈ డైరీ మొత్తంలో అన్నిటికన్నా విలువైనది. పసిగట్టడంలో మనకెన్ని సరిపోయాయన్నది కాదు అడగవలసింది. ఏమీ పసిగట్టనివాడి కన్నా మనకెన్ని ఎక్కువ సరిపోయాయని అడగాలి.

ఇప్పటికి: 325 ఆటలు. ఖర్చు 630. నా ఖాతా 118.

దశ 4: మాత్రల కవర్లు
డిసెంబరు 21 నుంచి

మాస్టారే ఇంకో లోపం కూడా చూపించారు. నా అంచనాలన్నీ చివరిదాకా వెళ్లి ముక్కలు చూపించిన ఆటల మీదే. ఎవరైనా బ్లఫ్ చేసి అందరినీ ఫోల్డ్ చేయిస్తే ఆ ముక్కలు ఎవరికీ కనబడవు. అంటే గెలిచిన బ్లఫ్‌లు నా పుస్తకంలో ఒక్కటి కూడా లేవు. ఓడిన బ్లఫ్‌లు మాత్రమే చూసి, వీడు బ్లఫ్ చేస్తే దొరికిపోతాడు అని రాసుకుంటూ వచ్చాను.

షాపులో విడి మాత్రలు వేసి ఇచ్చే చిన్న కాగితం కవర్లు ఉంటాయి. వాటితో ఇలా చేశాం:

1. ఫ్లాప్ పడ్డాక, చూపించకుండా పాట్ గెలిచినవాళ్లు తమ రెండు ముక్కల పేర్లూ చీటీ మీద రాయాలి.
2. చీటీ కవర్లో పెట్టి, మాత్రలు పూటకెన్ని అని రాసేచోట ఆట నంబరు వేసి, మూతి మడిచి డబ్బాలో వేయాలి.
3. కవరు డబ్బాలో పడ్డాకే తర్వాతి ఆట పంచాలి.
4. సోమవారం రాత్రి షాపు మూశాక నేను విప్పుతాను. ఎవరి చీటీలో ఏముందో ఇంకొకరికి చెప్పను.

మూడో నియమం మొదటి వారం లేదు. ఆ రోజు 17 కవర్లు రావాలి, 12 వచ్చాయి. పంచడం మొదలయ్యాక ఎవరూ చీటీ రాయరు. ఆ నియమం పెట్టాక ఒక్కటీ తప్పలేదు. వేగం మాత్రం తగ్గింది, సాయంత్రానికి 50 ఆటలు పడేవి 40కి వచ్చాయి. తగ్గినా పర్వాలేదు. సగం తెలిసిన 50 కన్నా మొత్తం తెలిసిన 40 మేలు.

మాస్టారి చీటీలు ఒడియా అంకెల్లో ఉండేవి. నాకు వచ్చు కాబట్టి ఇబ్బంది లేదు.

రెండో మార్పు అంచనా రాసే తీరులో. ఉంది, లేదు అని కాకుండా శాతంలో రాయడం. దానికి మార్కులు వేసే పద్ధతి వాతావరణ శాఖలవాళ్లది. 1950లో గ్లెన్ బ్రయర్ అనే వాతావరణ శాస్త్రవేత్త పెట్టిన కొలత. బలం 70 శాతం అని రాశాననుకోండి. నిజంగా బలం ఉంటే నా తేడా 0.3, దాన్ని దానితోనే గుణిస్తే 0.09. బలం లేకపోతే తేడా 0.7, గుణిస్తే 0.49. అన్నిటి సగటు ఎంత తక్కువైతే అంత మంచిది. ఏమీ తెలియక ప్రతిసారీ 50 అని రాసేవాడికి సరిగ్గా 0.25 వస్తుంది. నేను దాటవలసిన గీత అది.

వారం వారం వచ్చినవి:

డిసెంబరు 21: 0.29
డిసెంబరు 28: 0.26
జనవరి 4: 0.24
జనవరి 11: 0.20
జనవరి 25: 0.21

మొదటి వారం 0.29 ఎందుకు వచ్చిందో వెతికితే తప్పు ఒకేచోట ఉంది. ఆరుసార్లు 95 అని రాశాను. అందులో రెండు తప్పాయి. ఒక్కో తప్పుకి 0.90 పడింది. అంత గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు, ఆ క్షణంలో అలా అనిపించింది, అంతే. అప్పటి నుంచి 85 దాటి రాయడం మానేశాను. రెండో వారం మెరుగంతా దాదాపు దానివల్లే వచ్చింది.

మూడో వారం నుంచి మెరుగు కవర్ల వల్ల. జనవరి 25 దాకా వచ్చినవి 82. బలం ఉన్నవి 36, అంటే 44 శాతం. చూపించిన ఆటల్లో ఆ సంఖ్య 68 శాతం! ఈ రెండు అంకెలకూ మధ్య ఉన్న దూరమే ఇన్నాళ్లూ నాకు కనబడని ఆట.

ఇప్పటికి, జనవరి 4 నాటికి: 444 ఆటలు. ఖర్చు: కవర్ల కట్ట 45, మొత్తం 675. నా ఖాతా 122.

మధ్యలో ఒక ఆడిట్: నా కాల్స్
డిసెంబరు 29, సోమవారం

ఎదుటివాళ్లను కొలుస్తున్నాను, నన్ను నేను కొలవలేదు. నవంబరు 23 నుంచి నేను చేసిన కాల్స్ అన్నీ తీసి పక్కన లెక్క వేశాను.

కాల్‌కి కావలసిన గెలుపు శాతం చాలా తేలిక. నేను వేయవలసింది, మొత్తం పాట్‌లో ఎన్నో వంతు? ఆ మొత్తంలో నేను వేయబోయేది కూడా కలపాలి. ఎదుటివాడు పాట్‌లో పావు వేస్తే నాకు 17 శాతం కావాలి. సగం వేస్తే 25, ముప్పాతిక వేస్తే 30, పాట్ అంతా వేస్తే 33, రెట్టింపు వేస్తే 40.

నా తప్పు ఇక్కడ దొరికింది. ఒకే రంగు ముక్కలు నాలుగున్నాయి, ఐదోది పడాలి. ఇంకా తొమ్మిది ముక్కలు బయట ఉన్నాయి. ఫ్లాప్ నుంచి రివర్ దాకా రెండు ముక్కలూ చూడగలిగితే 35 శాతం. ఈ 35 నాకు కంఠతా వచ్చు. అయితే టర్న్ అయిపోయాక మిగిలింది ఒక్క ముక్కే. కనబడనివి 46, కావలసినవి 9, అంటే 19.6 శాతం. టర్న్‌లో కూడా నేను 35నే వాడుతూ వచ్చాను.

పాట్ 40, ఎదుటివాడు 40 వేశాడు. నాకు 33 కావాలి, 35 ఉంది అనుకుని కాల్. నిజంగా ఉన్నది 19.6. ఇలాంటి ఒక్కో కాల్‌కి సగటున 16 గుండీలకు పైగా పోతాయి. పుస్తకంలో ఇవి ఆరు ఉన్నాయి. నాలుగు ఓడాను, రెండు గెలిచాను. నవంబరు 30న గెలిచినదాని పక్కన "మంచి కాల్" అని రాసుకుని కింద గీత కూడా గీశాను.

ఆ గీతని చూసి చాలాసేపు కూర్చున్నాను. గుండీలు వచ్చాయి కాబట్టి మంచి కాల్ అన్నాను. అప్పటి నుంచి పుస్తకంలో నిర్ణయానికి ఒక కాలమ్, ఫలితానికి ఒక కాలమ్. నిర్ణయం కాలమ్ ముక్కలు తిప్పకముందే నింపాలి. తర్వాత దాన్ని దిద్దకూడదు.

చాప పక్కన అంటించుకున్న చీటీ:

1. రంగుకి ఒక ముక్క తక్కువ: ఒక్క ముక్క మిగిలితే 20 శాతం, రెండు మిగిలితే 35.
2. వరుసకి రెండు చివర్లూ ఖాళీ: 17, 31.
3. వరుసకి మధ్యలో ఒకటి ఖాళీ: 9, 16.
4. చేతిలోనే జత ఉండి, ఫ్లాప్‌లో మూడోది కలవడం: 12.

మనిషికో పేజీ
జనవరి 4 నుంచి 11

అందరికీ కలిపి ఒక సగటు చూడటం ఆపి, మనిషికో పేజీ పెట్టాను. బావ పేజీ అన్నిటికన్నా తొందరగా తేలింది. చివరి పందేనికి అతను ఫోల్డ్ చేసింది 22లో 3 సార్లు. అతని మీద నేను ఏడుసార్లు బ్లఫ్ చేశాను, ఒక్కసారి చెల్లింది. పాట్‌లో సగం వేసి బ్లఫ్ చేస్తే మూడింట ఒకసారైనా ఎదుటివాడు వదలాలి, లేకపోతే నష్టం. ఏడింట ఒకటి ఎక్కడ సరిపోతుంది? బావ మీద బ్లఫ్ పూర్తిగా మానేశాను. బదులుగా నా దగ్గర నిజంగా బలం ఉన్నప్పుడు సగం కాకుండా పాట్ అంతా వేయడం మొదలెట్టాను. ఎనిమిదిసార్లు వేస్తే ఏడుసార్లు కాల్ చేశాడు, ఆరు నావి. నా ఖాతా పైకి లేచింది ఈ ఒక్క మార్పుతోనే.

మాస్టారి పేజీలో మొదట "ఎక్కువసేపు ఆలోచిస్తే బలహీనం" అని రాశాను. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి కొలిచాను కూడా. తర్వాత చూస్తే ఆయన బలం ఉన్నా లేకపోయినా అంతే ఆలోచిస్తారు, లెక్క వేసుకుంటారు. కొట్టేశాను.

తమ్ముడి పేజీ జనవరి 11న పాడైంది. టీకి లేచినప్పుడు పుస్తకం చాప మీద తెరిచి వదిలేశాను. వాడు తన పేజీ చదివాడు. దాచలేదు, నాకే చెప్పాడు. "అన్నయ్యా, నేను టర్న్‌లో చిన్నగా వేస్తే ఏం లేదని రాశావు కదా." ఆ తర్వాత అదే చిన్న పందెం మంచి ముక్కలతో వేశాడు, రెండుసార్లు నన్ను బోల్తా కొట్టించాడు. వాడి పాత సమాచారం చెల్లదు. పేజీ చింపలేదు, తేదీ వేసి అడ్డగీత కొట్టి కొత్తగా మొదలెట్టాను. పుస్తకం ఇప్పుడు షాపు గల్లాలో ఉంటుంది. మేడ మీదకు విడి కాగితాలే తెస్తాను.

పేజీలు చూసి నమ్మే ముందు ఒక జాగ్రత్త. 25 సార్లలో సగం అని కనబడితే, అసలు సంఖ్య 30 నుంచి 70 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. బావ 22లో 3 లాంటి అంకె అంత దూరంగా ఉంది కాబట్టి చిన్న లెక్కలోనూ పనికొచ్చింది. మధ్యలో ఉన్న అంకెలను పెన్సిల్‌తోనే రాస్తున్నాను.

ఇప్పటికి, జనవరి 11 నాటికి: 484 ఆటలు. ఖర్చు 675. నా ఖాతా 164.

ఆట నంబరు 501
జనవరి 25

సంక్రాంతి తర్వాతి ఆదివారం మావయ్య విశాఖ వెళ్లారు, ఆట లేదు. 25న కూర్చున్నాం.

నా చేతిలో ఆఠీను ఆసు, కళావరు పది. 6కి రెయిజ్ చేశాను. మావయ్య కాల్. 2 వేసి ఉన్న బావ ఫోల్డ్. పాట్ 14.

ఫ్లాప్: డైమను పది, ఇస్పేటు ఏడు, ఆఠీను నాలుగు. మావయ్య చెక్, అంటే పందెం వేయకుండా వదిలేశారు. నాకు పదుల జత, పైన ఆసు. 8 వేశాను, ఆయన కాల్ చేశారు. పాట్ 30. టర్న్‌లో కళావరు రాణి. ఇద్దరం చెక్. రివర్‌లో ఇస్పేటు రెండు. మావయ్య నల్ల గుండీలు మూడు దొంతరగా పెట్టి ముందుకు నెట్టారు. "పదిహేను."

30లో 15, సగం. నాకు 25 శాతం కావాలి. మావయ్య పేజీలో రివర్‌లో పాట్‌కి సగం వేసిన పందేలు, ముక్కలు తెలిసినవి 12. అందులో 11 బలం, 1 బ్లఫ్. నా పదుల జత గెలిచేది ఆయన బ్లఫ్ చేస్తేనే. పన్నెండింట ఒకటి, 8 శాతం. చెయ్యి వణుకుతోందా అని చూడాలనిపించింది, చూడలేదు. బలం 85 అని రాశాను. నిర్ణయం కాలమ్‌లో ఫోల్డ్, సరి అని రాసి ముక్కలు పడేశాను.

సోమవారం రాత్రి షాపు మూసి కవర్లు విప్పాను. 501 కవర్లో మావయ్య వంకర రాత: ఇస్పేటు ఎనిమిది, ఇస్పేటు తొమ్మిది. వరుస కోసం ఫ్లాప్ నుంచి వచ్చారు, జాకీ గానీ ఆరు గానీ పడలేదు, బ్లఫ్ చేశారు. నా పదులు గెలిచేవి.

ఆ అంచనాకి 0.72 పడింది. ఆ వారం 0.21కి పెరగడానికి ముఖ్య కారణం ఇదే.

నిర్ణయం కాలమ్ దిద్దలేదు. కావలసింది 25, నా దగ్గర ఉన్న సమాచారం ప్రకారం 8. మావయ్య పేజీలో మాత్రం అంకె మార్చాను. 13లో 2 బ్లఫ్, 15 శాతం. రేపు ఇదే పందెం, ఇదే ముక్కలు వస్తే మళ్లీ ఫోల్డే చేస్తాను. ఇంకో రెండు దొరికితే 15లో 4 అవుతుంది, అప్పుడు కాల్ చేస్తాను.

మంగళవారం మావయ్య బీపీ మాత్రల కోసం షాపుకి వచ్చారు. చీటీల సంగతి ఎవరికీ చెప్పనన్న నియమం ఉంది కానీ ఆయన ముక్కలు ఆయనకు తెలిసినవే కదా. నా చేతిలో ఏముందో చెప్పాను. కౌంటర్ మీద చెయ్యి వేసి ఒక్క క్షణం నా వైపే చూశారు.

"ఏటల్లుడూ, ఆసు పది పట్టుకుని పడేసావా?"

"మీ పేజీ చూసి పడేశాను మావయ్యా."

"అయితే నా పేజీలో ఏటున్నాదో నాకు చెప్పకు" అన్నారు. మాత్రలు కవర్లో వేసి ఇచ్చాను. పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి అని రాసే గడి ఖాళీగా ఉందని ఆయనే గుర్తుచేశారు.

ఇప్పటికి, జనవరి 25 నాటికి: 526 ఆటలు. కవర్లు 82. ఖర్చు 675. నా ఖాతా 231.

ఫిబ్రవరి 1 నుంచి మారేవి: పాట్‌లో సగానికి పైన మావయ్య వేసిన పందేలు నాలుగే తెలుసు, అవి వేరే కాలమ్‌లోకి. టర్న్‌లో ఇద్దరూ చెక్ చేశాక రివర్‌లో వచ్చే పందేలు అందరివీ విడిగా ఇంకో కాలమ్‌లో. 501 లాంటివి ఎన్ని ఉన్నాయో పాత కవర్లన్నీ మళ్లీ విప్పి చూస్తున్నాను, 82లో 30 అయ్యాయి.